వేరేచోట నిద్రిస్తున్నవాళ్ల కోసం

హెల్సింకి, ఫిన్లాండ్,
డిసెంబర్ 26

అమ్మకి,

వందనాలు. నిన్న ఫోన్‌లో సరిగ్గా మాట్లాడుకోలేకపోయాం. నేను ఏడిస్తే నువ్వు, నువ్వు ఏడిస్తే నేను. ఇవాళ కూడా ఇక్కడ సెలవే, అందుకే కూర్చుని రాస్తున్నాను. తమ్ముడితో చదివించుకోకు, కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా నువ్వే చదువుకో.

ఈ డిసెంబర్ నాకు చాలా కష్టంగా గడిచిందమ్మా. నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు. ఈ రోజుల్లో ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నరకి తెల్లారి, మూడుంపావుకల్లా పొద్దుగూకుతుంది. డ్యూటీకి వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. మూడేళ్లలో అలవాటైపోయిందనుకున్నాను. ఈసారి మాత్రం తట్టుకోలేకపోయాను. క్రిస్మస్ ముందు నాలుగు వారాల అడ్వెంట్ మొదలవగానే ఇక్కడ కిటికీల్లో కాగితం నక్షత్రాలు వేలాడదీసి లోపల బల్బు పెడతారు. అవి కనిపిస్తే చాలు, తల దించుకుని నడిచేదాన్ని. నాన్న వెదురు బద్దలు చీల్చి, దారంతో బిగించి, ఉడికించిన మైదా జిగురుతో ఎర్ర కాగితం అంటించడమే కళ్ల ముందు మెదిలేది. కాగితం ఆరేదాకా మమ్మల్ని వసారాలోకి రానిచ్చేవాడు కాదు.

ప్రార్థన చేసుకుందామని మోకరించినా నోట మాట వచ్చేది కాదు. జులైలో తమ్ముడి ఫోన్‌లో చూసిన నాన్న భూస్థాపనే గుర్తొచ్చేది. పర్మిట్ కాగితాలు మధ్యలో ఉండి రాలేకపోయాను కదా. అయ్యగారు ప్రార్థన ముగించారు, అందరూ పిడికిళ్లతో మట్టి తీశారు, నీ చేయి పైకి లేచింది. అంతే, బొమ్మ అక్కడే ఆగిపోయింది. మళ్లీ లైన్ కలిసేసరికి అంతా అయిపోయింది. గాలిలో ఆగిన నీ చేయి దగ్గరే నేనూ ఐదు నెలలు ఆగిపోయానమ్మా.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక మామ్మగారు ఉన్నారని చెప్పాను కదా, జడ నా చేతే వేయించుకుంటుందని. 23న జడ వేస్తుంటే, "రేపు సాయంత్రం ఏ శ్మశానానికి వెళ్తున్నావు?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఇక్కడ క్రిస్మస్ ముందురోజు కుటుంబమంతా సమాధుల దగ్గరికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారట. సోవియట్ రష్యాతో జరిగిన యుద్ధాల తర్వాత ఈ అలవాటు దేశమంతా పాకిందట. నావాళ్లెవరూ ఇక్కడ లేరు, నాన్న గుంటూరులో ఉన్నాడు అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మా అమ్మ వీపురిలో ఉంది" అంది. వీపురి అప్పట్లో ఫిన్లాండ్‌దేనట. 1944లో ఈవిడ ఐదేళ్ల పిల్ల. అందరితో పాటు రైలెక్కించేశారు. ఆ యుద్ధాల్లో వీపురి ఉన్న కరేలియా ప్రాంతం నుంచి నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లూ, పొలాలూ, సమాధులూ వదిలేసి ఇటు వచ్చేశారు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది.

"అలాంటివాళ్ల కోసం శ్మశానంలో ఒక చోటు ఉంటుంది. నీకూ నాకూ అదే" అంది. కాళ్లు సహకరించక ఈ ఏడు తను వెళ్లలేదు. అందుకని సొరుగులోంచి ఒక కొవ్వొత్తి తీసి నా చేతిలో పెట్టింది.

24న డ్యూటీ దిగి, దారిలో నాన్న కోసం ఇంకొకటి కొని, సముద్రం పక్కనున్న హియెతానియెమి శ్మశానానికి వెళ్లాను. గేటు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. వేల కొవ్వొత్తులమ్మా! సైనికుల సమాధులైతే వరసలు వరసలుగా, ఒక్కోదాని ముందూ ఒక్కో వెలుగు. అంతమంది ఉన్నా మాటలు లేవు, మంచు మీద బూట్ల చప్పుడే. మన సమాధుల పండగ గుర్తొచ్చింది. ఈస్టర్ తెల్లవారుజామున సున్నం వాసన, బంతిపూలు, గాలికి ఆరిపోకుండా నాన్న అడ్డుపెట్టే అరచేయి. ఇక్కడి కొవ్వొత్తులు డబ్బాల్లో ఉంటాయి, పైన చిల్లుల రేకు మూత. నాన్న చూస్తే ఆ మూత విప్పి, ఎలా చేశారో చూసేదాకా కదిలేవాడు కాదు.

లోపల ఒకచోట, వేరేచోట సమాధి అయినవాళ్లను తలుచుకునే స్థలం అని రాసి ఉంది. ఎవరి పేరూ లేదు. చుట్టూ మంచులో ఎన్ని కొవ్వొత్తులో! ఇంతమంది నాన్నలు, అమ్మలు ఎక్కడెక్కడో ఉన్నారు. ముందు మామ్మగారిది వెలిగించాను, తర్వాత మనది. మట్టి గడ్డకట్టి రాయిలా ఉంది, అందుకని గ్లౌజు తీసి పిడికిలి నిండా మంచు తీసుకుని కొవ్వొత్తి పక్కన మెల్లగా వదిలాను. జులైలో వేయాల్సింది అప్పుడు వేశానమ్మా. పొద్దున్నే నాన్న పాడుకునే కీర్తన ఒక చరణం పాడాను, తెలుగులోనే. ఐదు నెలల తర్వాత ప్రార్థన వచ్చింది. ఏం అడిగానో గుర్తులేదు. చాలాసేపు మాత్రం మాట్లాడాను.

నిన్న పొద్దున చీకటుండగానే చర్చికి వెళ్లాను. ప్రసంగం సగమే అర్థమైంది. కానీ పాపాల ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, ప్రభు ప్రార్థన వరసగా వస్తుంటే మన గుడిలో కూర్చున్నట్టే ఉంది. వీళ్లూ లూథరన్లే కదా. 1842, లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన సంవత్సరం అంటూ నాన్న మాకు బట్టీ పట్టించడం గుర్తొచ్చింది. చీకటిలో నడిచే జనం గురించి బైబిల్లో యెషయా ప్రవక్త చెప్పిన మాటలు, నాన్న ప్రతి క్రిస్మస్‌కీ చదివేవి, ఇక్కడి చీకట్లో నడిచాకే నాకు నిజంగా అర్థమయ్యాయి.

మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లగానే మామ్మగారికి ఫోటో చూపించాను. రెండు వెలుగులూ పక్కపక్కనే ఉన్నాయి. చూసి, నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఈస్టర్‌కి వస్తున్నానమ్మా, పర్మిట్ వచ్చేసింది. నాన్న సమాధికి సున్నం నేనే వేస్తాను, తమ్ముణ్ని వేయొద్దని చెప్పు.

ఇంకో మాట. ఈ ఏడు ఇంటికి నక్షత్రం కట్టొద్దన్నావు. నీ బాధ నాకు తెలుసు. కానీ ఇక్కడ జనవరి 6న, జ్ఞానులు వచ్చిన పండగ దాకా నక్షత్రాలు తీయరు. ఇంకా పదకొండు రోజులుంది. నాన్న పోయినేడు కట్టింది అటక మీద పాత దుప్పట్లో చుట్టి ఉంది. కాగితం చిరిగితే చిరగనీ. తమ్ముడితో దింపించి, బల్బు వేయించి, వసారాలో కట్టించు. వెలిగించాక ఒక ఫోటో పంపించు, మామ్మగారు కూడా చూస్తానంది.

నీ
పెద్దమ్మాయి