టేకు కింద నేలను బతకనివ్వండి: జిల్లా అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. టేకు తోటల్లో కలుపు పేరిట కింది పొదలను కొట్టించడం, రాలిన ఆకును తగలబెట్టించడం ఆపించాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

టేకు ఆకు 30 సెంటీమీటర్లకు మించి పెరుగుతుంది. దాని మీద పడిన చినుకులు ఒకటై, పెద్ద బొట్లుగా మారి, 8 మీటర్లకు పైనుంచి జారినప్పుడు, బయలులో పడే వానకంటే గట్టిగా నేలను కొడతాయి. కింద పొదలు, గడ్డి, ఆకుచెత్త ఉంటే ఆ దెబ్బను అవే కాస్తాయి, లేకుంటే పైమన్ను కొట్టుకుపోతుంది. ఇందులో టేకు తప్పేమీ లేదు. నల్లమల సహజారణ్యంలో అదే టేకు నల్లమద్ది, ఏగిస, చిరుమానులతో కలిసి పెరుగుతుంది. రకరకాల కొమ్మల సందుల్లోంచి దిగే వెలుతురులో తునికి, మొర్రి మొలకలు నిలదొక్కుకుంటాయి. ఒకే వయసు టేకును దగ్గరగా నాటిన తోటలో కొమ్మలు కలుసుకున్నాక వానాకాలమంతా నీడే. అందుకే సకాలంలో చెట్లను పలుచన చేయడం కలప కోసమే కాదు, మొలకల కోసం కూడా అవసరం.

కనీసం వాలు నేలల్లోని కంపార్ట్‌మెంట్లలో (అటవీ శాఖ విభజించుకున్న అడవి భాగాల్లో) అయినా ఈ వేసవి నుంచే నిప్పు పెట్టకుండా ఉత్తర్వులు ఇవ్వగలరని మనవి.

భవదీయుడు,
ఒక అడవి అంచు గ్రామస్థుడు