రాసే పిల్లల గురించి తల్లిదండ్రులకు ఒక ఉత్తరం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సెప్టెంబర్ 9న, కాళోజీ నారాయణరావు గారి జయంతి సందర్భంగా జరుపుకునే తెలంగాణ భాషా దినోత్సవం నాడు, మన పిల్లలు తమ కథలు, కవితలు గోడపత్రికలో పెట్టారు. చూడడానికి వచ్చినవారిలో ఒక తల్లి అందరూ వెళ్లేదాకా ఆగి, "సార్, మా బిడ్డ రాస్తదని సంతోషపడాల్నా, రాత్రిళ్లు పడుకుంటలేదని భయపడాల్నా?" అని అడిగారు. అలాంటి పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉన్నారు కనుక ఆమెకు చెప్పిన జవాబునే మీ అందరికీ రాస్తున్నాను.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. తల్లీబిడ్డలిద్దరూ ఒప్పుకున్నాకే ఈ సంగతి చెబుతున్నాను. నిరుడు బతుకమ్మ సెలవుల్లో ఆమె పూలేరుకునే ఒక పిల్ల కథ మొదలుపెట్టింది. ఎంగిలిపూల నాడు పొద్దున్నే చేనుగట్ల మీద తంగేడు, గునుగు కోసుకొద్దామని నానమ్మ పిలిస్తే, కథ సగంలో ఉందని కదలలేదు. నానమ్మ ఒక్కరే వెళ్లి సంచి నింపుకొని వచ్చారు. గునుగును కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచిందీ ఆమే. ఆ కథ నేను చదివాను. భాష చక్కగా ఉంది. అయితే గునుగు కాడ తెంపుతుంటే చేతికి ఎలా తగులుతుందో, తడి గట్టు మీద కాలు ఎలా జారుతుందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. ఎందుకమ్మా అని అడిగితే కాసేపు తలవంచుకొని, "నేనెప్పుడూ కోయలేదు సార్" అంది.

నా సంగతీ దాచను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నవల రాయాలనే పట్టుదల ఉండేది. మా నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయన మంచం పక్కనే కూర్చొని రాసుకుంటూ, ఆయన మంచినీళ్లడిగిన మాట వినలేదు. పక్క మంచం వాళ్లు లేచి ఇచ్చారు. ఆనాడు రాసిన పేజీలు తర్వాత నవలలో పనికిరాలేదు. పనికివచ్చి ఉన్నా నా బాధ తగ్గేది కాదు.

మన ప్రాంతపు కవులను పిల్లలకు పరిచయం చేసేటప్పుడు వారి రచనలతో పాటు వారు గడిపిన రోజులనూ చెప్పాలని నాకు అనిపిస్తుంది. బమ్మెర పోతన సేద్యం చేసుకుంటూనే భాగవతం రాశాడని లోకం చెప్పుకుంటుంది. కాళోజీ ఉద్యమాల్లో తిరిగారు, జైలుకు వెళ్లారు, శాసనమండలి సభ్యులుగా పనిచేశారు. ఆయన కవిత్వానికి 'నా గొడవ' అనే పేరు ఆ జనం మధ్య బతుకులోంచి వచ్చిందే. వంగరకు చెందిన పి.వి. నరసింహారావు గారు రాజకీయాల్లో తలమునకలుగా ఉన్న కాలంలోనే 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. వీరెవరూ రాత కోసం మిగతా పనుల నుంచి తప్పుకున్నవారు కారు.

ఇష్టానికీ, మితిమీరిన వ్యామోహానికీ తేడా ఇంట్లోనే తెలుస్తుంది. అన్నానికి పిలిస్తే విసుక్కున్నా లేచి వచ్చి, తిన్నాక మళ్లీ నోట్‌బుక్కు తెరిచే పిల్ల గురించి బెంగ అక్కర్లేదు. ఒక కథను ఎవరూ మెచ్చుకోలేదని రెండు రోజులు ముభావంగా ఉండి, నేను దేనికీ పనికిరానని అనుకునే పిల్ల దగ్గర మాత్రం మనం కూర్చోవాలి. తన విలువంతా ఆ కాగితాల్లోనే ఉందని నమ్మడం ఆ వయసుకు మోయలేని బరువు. అందులో పెద్దల పాత్రా ఉంది: ప్రతి కవితనూ పోటీకి పంపి, ప్రతి బంధువుకూ ఫోనులో చదివి వినిపించి, ఆ బరువును మనమే పెంచుతున్నాం.

కోపంతో నోట్‌బుక్కు లాక్కోవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. లాక్కుంటే రాత ఆగదు, దుప్పటి కిందికి చేరుతుంది. దానికి బదులు రోజూ ఒక వేళ కేటాయించండి. సాయంత్రం ఆటయ్యాక ముప్పావు గంట చాలు. తర్వాతి వాక్యం మనసులో ఉండగానే ఆపడం నేర్పండి. మర్నాడు అక్కడి నుంచే అందుకోవచ్చు, రాత్రి పోతే కథ పోతుందన్న భయమూ ఉండదు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. ఈ ఒక్క విషయంలో దయచేసి గట్టిగా ఉండండి.

పాఠశాలలో ఇక నుంచి శనివారం చివరి పీరియడ్ రాతకే ఉంటుంది. అక్కడ రాసినదానికి మార్కులుండవు. దసరా తర్వాత పిల్లలను హనుమకొండలోని శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయానికి తీసుకువెళ్తాం. 1904లో మొదలైన ఆ గ్రంథాలయాన్ని వారు చూడాలి.

బతుకమ్మ సెలవుల్లో తెలుగులో ఇంటిపని ఇవ్వడం లేదు. ఆ అమ్మాయి ఈసారి నానమ్మతో గునుగు పూలకు వెళ్తానని చెప్పింది. నోట్‌బుక్కు ఇంట్లోనే పెట్టి వెళ్లమన్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు,
హనుమకొండ