సగటులో కనపడని ఆకలి

సంపాదకులకు,

ఆహార అభద్రత గురించి వార్త వచ్చినప్పుడల్లా దేశం మొత్తానికి ఒకే శాతం చెప్పి సరిపెడుతున్నారు. ఆ అంకెను బట్టి ఒక వార్డులో ఎవరు పస్తులుంటున్నారో ఎలా తెలుస్తుంది?

కొలవడానికి సాధనం లేక కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014 నుంచి ఎనిమిది ప్రశ్నల కొలమానం వాడుతోంది. డబ్బు చాలక తిండి దొరకదేమోనన్న టెన్షన్ పడ్డారా అన్న దగ్గర మొదలై, రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా అన్న దాకా వెళ్తుంది. అయితే దేశవ్యాప్త సర్వేలో సాధారణంగా పలకరించేది సుమారు 1000 మందిని. అందులో వలస కూలీలో, ఒంటరి వృద్ధులో, వికలాంగులో ఎంతమంది ఉంటారు? ఆ గుప్పెడు మందితో శాతం చెప్పడం లెక్క కాదు, ఊహ. అలాంటి వర్గాల నుంచి విడిగా, ఎక్కువ మందిని ఎంచుకోవాలి.

ఇంటి పెద్దనే అడిగితే అందరికీ వడ్డించి చివర్లో తినేవారి ఆకలి నమోదు కాదు. ఇల్లే లేనివారి తలుపు ఎలాగూ ఎవరూ తట్టరు. పైగా ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి అడిగితే పస్తున్నామని ఎవరు ఒప్పుకుంటారు? (నేనైతే ఒప్పుకోను.) వారి భాష మాట్లాడేవారినే, వారిలోంచి వచ్చినవారినే పంపాలి. పనులు దొరకని నెలల్లో ఇంకోసారి అడగాలి.

ఇకపై మీరు శాతం ప్రచురించేటప్పుడు ఎవరిని అడిగారో, ఎవరిని వదిలేశారో కూడా ఒక వాక్యం రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు