నిడివి చెప్పని సమీక్ష

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రిక సినిమా పేజీలో గతవారం సంగీతకారుడు మొజార్ట్ మీద తీసిన ‘అమెడియస్’ చిత్రం గురించి, దాని కొత్త 4కె డిస్క్ గురించి వచ్చిన సమీక్షను శ్రద్ధగా చదివాను. నటనను, సెట్టింగులను, విగ్గులను కూడా వదలకుండా మెచ్చుకుని నాలుగు నక్షత్రాలు ఇచ్చిన సమీక్షకుడు, తాను చూసినది 160 నిమిషాల సినిమానా, 180 నిమిషాల సినిమానా అన్నది మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎందుకంటే మొజార్ట్ భార్య కాన్‌స్టాంజె రాత్రివేళ ఒంటరిగా, అతని మీద అసూయపడే సంగీతకారుడు సాలియెరి ఇంటికి వెళ్లే దృశ్యాన్ని ఆయన ప్రత్యేకంగా పొగిడారు. 2025లో వచ్చిన ఆ డిస్క్‌లో ఆ దృశ్యమే లేదు. ఆయన ఎక్కడో పొడవాటి కూర్పును చూసి, పొట్టి కూర్పు ఉన్న డిస్క్‌ను సమీక్షించారని నాకు అర్థమైంది.

1984లో థియేటర్లకు వచ్చి ఎనిమిది ఆస్కార్లు గెలుచుకున్నది రెండు గంటల నలభై నిమిషాల చిత్రం. దర్శకుడు మిలోష్ ఫోర్మన్ 2002లో దానికి సుమారు ఇరవై నిమిషాల దృశ్యాలను చేర్చి ‘డైరెక్టర్స్ కట్’గా విడుదల చేశారు. శాస్త్రీయ సంగీతం మీద తీసిన సినిమాకు జనం మూడు గంటలు కూర్చుంటారో లేదోనన్న సందేహంతో మొదట తామే కత్తిరించుకున్నామని, ఇంట్లో చూసేవారికి ఆ తొందర ఉండదు గనుక తిరిగి చేర్చామని ఆయన వివరణ. దర్శకుడికి ఆ హక్కు లేదని నేననను. అయితే ఆ తర్వాత వచ్చిన డీవీడీలోనూ, 2009 నాటి బ్లూ-రేలోనూ పొడవాటి కూర్పే ఉండడంతో, బహుమతులు పొందిన అసలు చిత్రాన్ని చూడాలనుకున్నవారు 1997 నాటి పాత డీవీడీని వెతుక్కోవలసి వచ్చింది. అది నా దగ్గర ఇప్పటికీ ఉంది. సినిమా డిస్క్‌కు రెండు వైపులా ఉంటుంది. ఒక వైపు అయిపోగానే లేచి దాన్ని తిరగేసి పెట్టాలి. సంగీతకారుడి కథను గ్రామఫోన్ రికార్డులా తిరగేయడంలో ఒక ముచ్చట ఉందని సరిపెట్టుకునేవాణ్ణి.

ఇరవై నిమిషాలు ఎక్కువైతే ఏమవుతుందని అడిగేవారి కోసం ఆ ఒక్క దృశ్యాన్నే తీసుకుంటాను. భర్తకు కొలువు ఇప్పించమని అడగడానికి కాన్‌స్టాంజె అతని రాతప్రతులను పట్టుకుని సాలియెరి దగ్గరకు వస్తుంది. అవి మూలప్రతులని, మొజార్ట్ నకళ్లు పెట్టుకోడని ఆమె చెబుతుంది. సాలియెరి ఒక్కొక్క కాగితం తిప్పుతూ ఉంటే, అతను చదువుతున్న సంగీతం మనకు వినిపిస్తుంది. ఎక్కడా కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. చివరికి చేతిలోని కాగితాలు జారి నేల మీద పడిపోతాయి. పొట్టి కూర్పులో దీని వెంటనే సాలియెరి గోడ మీది శిలువను తీసి మంటలో పడేస్తాడు. అంటే అతని కోపమంతా దేవుడి మీదనే. పొడవాటి కూర్పులో ఈ రెండింటి నడుమ ఆ రాత్రి దృశ్యం వస్తుంది. కొలువు కావాలంటే ఒంటరిగా రమ్మని, ఆమె తెగించి వచ్చాక నౌకరును పిలిచి బయటికి పంపించమంటాడు. దాంతో దేవుడితో తగవు పెట్టుకున్న మనిషి కాస్తా ఒక నిస్సహాయురాలిని అవమానించిన నీచుడిగా మిగులుతాడు. చివర్లో కాన్‌స్టాంజె అతన్ని చూడగానే ఎందుకంత మండిపడుతుందో పొడవాటి కూర్పులో బాగా తెలుస్తుందన్నది నిజమే. అయినా నా ఓటు పొట్టి కూర్పుకే. మరొకరి ఓటు మరోదానికి ఉండవచ్చు. ఈ రెంటినీ ఒకే సినిమా అనుకుని నాలుగు నక్షత్రాలు ఇవ్వడం మాత్రం కుదరదు.

సమీక్షలో శబ్దం గురించి ఒక్క ముక్క లేకపోవడం మరింత వింతగా అనిపించింది. సంగీతకారుడి కథకు శబ్దం అలంకారం కాదు గదా. మొజార్ట్ రాసిన స్వరాల్లో ఒక్కదాన్నీ మార్చకూడదన్న షరతు మీద నెవిల్ మారినర్ ఈ చిత్రానికి సంగీత నిర్వహణ ఒప్పుకున్నారు. ఆ శ్రద్ధ ఫలితం మరణశయ్య దృశ్యంలో తెలుస్తుంది. మంచం మీది మొజార్ట్, చనిపోయినవారి కోసం పాడే ప్రార్థనాగీతమైన రెక్వియంలోని ‘కన్ఫుటాటిస్’ భాగాన్ని చెబుతూ ఉంటే సాలియెరి రాసుకుంటూ ఉంటాడు. ముందు మంద్రస్థాయి గాయకుల వరస, తర్వాత టెనర్లది, అంటే హెచ్చుస్థాయి మగ గొంతులది, వాళ్ల వెనుక ట్రాంబోన్లు, ఆపైన ట్రంపెట్లు, టింపనీలనే పెద్ద డోళ్లు, చివరకు తీగవాద్యాలు, ఒక్కొక్కటీ విడివిడిగా మన చెవిన పడుతుంది. నడుమ సాలియెరికి అర్థం కాదు, మళ్లీ చెప్పించుకుంటాడు, అర్థం కాగానే కలం పరుగెత్తుతుంది. ఆ తర్వాత అన్నీ కలిసి ఒక్కసారిగా మోగినప్పుడు, సంగీతం చదవడం రాని నాలాంటివాడికి కూడా ఆ అల్లిక ఎలా సాగిందో బోధపడుతుంది. టీవీకి అమర్చిన చిన్న స్పీకర్లలో ట్రాంబోన్లు, గాయకుల గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఆ దృశ్యం సగానికి సగం చచ్చిపోతుంది. ఇంటికి వచ్చే సినిమాను సమీక్షించేవారు దాన్ని ఏ స్పీకర్లలో విన్నారో కూడా చెప్పాలని కోరడం అత్యాశేమో గానీ, కోరుతున్నాను.

ఇక ‘మొజార్ట్ జీవితం తెలుసుకోవాలనుకునే పిల్లలకు చూపించదగిన సినిమా’ అన్న వాక్యం. పీటర్ షాఫర్ 1979లో రాసిన నాటకం ఆధారంగా తీసిన ఈ చిత్రంలో కథ చెప్పేది సాలియెరి, అదీ వృద్ధాప్యంలో, పిచ్చాసుపత్రిలో కూర్చుని. సాలియెరి మొజార్ట్‌కు విషం పెట్టాడన్న పుకారుతో రష్యన్ కవి పుష్కిన్ 1830లోనే ఒక చిన్న నాటకం రాశాడు. వాస్తవంలో రెక్వియం రాయించుకున్నది వాల్సెగ్ అనే ప్రభువు. మొజార్ట్ 1791 డిసెంబరు 5న చనిపోయాక దాన్ని పూర్తి చేసినది అతని సహచరుడు జూస్‌మాయర్. సాలియెరికి అందులో పాత్రే లేదు. సినిమాలో బ్రహ్మచర్యం పాటించే సాలియెరి నిజజీవితంలో భార్యాబిడ్డలున్న గృహస్థు. బీథోవెన్, షూబర్ట్‌లకే కాక మొజార్ట్ చిన్నకొడుకుకు కూడా సంగీతం నేర్పిన గురువు. మొజార్ట్, సాలియెరి ఇద్దరూ కలిసి 1785లో కూర్చిన ఒక చిన్న గేయకృతి ప్రాగ్‌లోని ఒక మ్యూజియంలో దొరికిందన్న వార్త 2016లో వచ్చింది. ఈ సినిమాలో చాలా భాగం తీసినది ఆ ప్రాగ్ నగరంలోనే. 1787లో మొజార్ట్ ఆపెరా (పాటలతో నడిచే నాటకం) ‘డాన్ జువాన్నీ’ తొలిసారి ఆడిన నాటకశాలలోనే ఆ ఆపెరా దృశ్యాలను చిత్రించారు. ఒక పగను కల్పించిన సినిమా తీసిన ఊళ్లోనే ఆ ఇద్దరి స్నేహానికి సాక్ష్యం బయటపడడం నాకైతే భలేగా తోచింది. సినిమా అబద్ధమాడిందని నా ఫిర్యాదు కాదు. కల్పన లేకపోతే ఆ మరణశయ్య దృశ్యమే ఉండేది కాదు. పిల్లలకు చూపించమనేటప్పుడు ఇది కల్పన అని రెండు వాక్యాలు రాయవలసిన బాధ్యత సమీక్షకుడిదని మాత్రమే అంటున్నాను.

డిస్కులు కొనే అలవాటు తగ్గి అంతా ఓటీటీలో చూస్తున్న ఈ రోజుల్లో చిక్కు ఇంకా పెరిగింది. నేను చందా కట్టే ఒక సంస్థ ఈ సినిమా పక్కన ఏ కూర్పో రాయదు. నిడివి చూసి మనమే లెక్క వేసుకోవాలి. అంతకన్నా బాధ కలిగించే పని మరొకటి చేస్తుంది. ఆఖరున పేర్లు పడుతున్నంత సేపూ మొజార్ట్ ఇరవయ్యో పియానో కన్సెర్టో (పియానోకు, వాద్యబృందానికి కలిపి రాసిన కృతి)లోని రెండో భాగం వినిపిస్తుంది. అంత చావు, అంత పిచ్చి చూసిన తర్వాత ఆ నెమ్మదైన పియానో మొదలవగానే, తెర ఒక మూలకు అగ్గిపెట్టంత అయిపోయి, పక్కనే మరో సినిమా బొమ్మ వచ్చి, కొన్ని సెకన్లు లెక్కపెట్టి దానిలోకి దూకేస్తుంది. రిమోట్ కోసం తడుముకునే లోపే సంగీతం ఆగిపోతుంది. సంగీతకారుడి మీద తీసిన సినిమాలో ఇలా సంగీతాన్నే కత్తిరించేవారిని ఎవరూ అడగడం లేదు. మీ సినిమా పేజీ ఆ పని చేయాలని నా మనవి.

ఇకపై ఇటువంటి సమీక్షలకు నక్షత్రాల పక్కన నిడివిని నిమిషాల్లో ముద్రించండి. గతవారం సమీక్షకు ఒక సవరణ కూడా వేయండి. అది చదివి కొత్త డిస్క్ తెప్పించుకున్న మా మేనల్లుడు, రాత్రి దృశ్యం ఎంత వెతికినా కనిపించకపోయేసరికి డిస్క్‌లోనే లోపం ఉందనుకుని, దాన్ని వెనక్కి పంపడానికి మళ్లీ పెట్టెలో సర్దుతున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు