పారామెడికల్ కాలేజీకి ఆసుపత్రి ఉందో లేదో ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మాది మిర్యాలగూడ. ముప్పై ఏళ్లకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. ఈమధ్య మా వీధిలో ఉండే ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, "అంకుల్, నాకు రక్తం తీయడం నేర్పిస్తారా?" అని అడిగింది. ఆ పిల్ల బీఎస్సీ మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉంది. ఇన్నాళ్లూ ఏం నేర్పారమ్మా అంటే తల దించుకుంది. వాళ్ల కాలేజీ షాపుల పైన రెండో అంతస్తులో నడుస్తుందట. క్లాసు మొత్తానికి ఒకటే మైక్రోస్కోప్. ఆసుపత్రికి పట్టుమని పది రోజులు పంపి, మిగిలిన రోజులకు లాగ్‌బుక్‌లో సంతకాలు పెట్టించి ఇచ్చేశారట. వాళ్ల నాన్న రైస్ మిల్లులో హమాలీ. ఫీజు కట్టడానికి వాళ్లమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

రక్తం తీయడం చూసేవాళ్లకు చిన్న పనిలాగే ఉంటుంది. నరం సరిగా దొరకక సిరంజిని గట్టిగా గుంజితే ఎర్ర కణాలు చిట్లిపోతాయి. వాటిలోని పొటాషియం బయటికి వచ్చి, రిపోర్టులో అసలు ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది. అది కిడ్నీ పేషెంటు రిపోర్టయితే డాక్టరుకూ, ఇంటివాళ్లకూ ఎంత టెన్షనో ఆలోచించండి. నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం పట్టకపోతే గడ్డకట్టే సమయం తప్పు వస్తుంది. ఊదా మూత ట్యూబును వెంటనే మెల్లగా తిప్పి కలపకపోతే రక్తం గడ్డలు కట్టి, ప్లేట్‌లెట్లు తక్కువ చూపిస్తాయి. డెంగీ సీజన్‌లో ఆ ఒక్క అంకె చూసే మనవాళ్లు పేషెంటును తీసుకుని హైదరాబాద్ పరుగెత్తుతారు. ఇవన్నీ పుస్తకంలో నాలుగు లైన్లు. చేతికి రావాలంటే మాత్రం వందల మందికి తీయాలి, పక్కన ఒక సీనియర్ నిలబడి చూస్తూ ఉండాలి. నాకు అట్లనే వచ్చింది.

ఒక్క ల్యాబ్ కోర్సే కాదు. డయాలిసిస్, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్, అనస్థీషియా టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, అందరిదీ చేతి పనే. మా నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల మోకాలు ఎంతవరకు వంచవచ్చో, ఎక్కడ ఆపాలో బొమ్మలు చూసి నేర్చుకునేది కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 2021లో పార్లమెంటు ఈ వృత్తుల కోసమే జాతీయ కమిషన్ చట్టం చేసింది. అనుబంధ ఆరోగ్య వృత్తిలో, అంటే డాక్టరుకు తోడుగా ఉండే టెక్నీషియన్ పనుల్లో, డిప్లొమాకైనా డిగ్రీకైనా కనీసం 2,000 గంటల చదువు ఉండాలని అందులో రాశారు. ఫిజియోథెరపీలాంటి వాటికి 3,600 గంటలు. ఆ గంటలు నిజంగా జరిగాయా, కాగితం మీదే జరిగాయా అని చూసేదెవరు? డిప్లొమాలు పారామెడికల్ బోర్డు కింద, డిగ్రీలు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉంటాయి. ఈ తేడా కూడా మన ఊళ్లలో తల్లిదండ్రులకు తెలియదు. ఎంబీబీఎస్ సీటు రాని బైపీసీ పిల్లల ఇళ్లకు ఏజెంట్లు వచ్చి ఉద్యోగం గ్యారంటీ అంటే నమ్మి డబ్బు కట్టేస్తారు. మోసపోయామని తెలిసేసరికి పిల్లల మూడేళ్లు పోతాయి.

ఒకప్పుడు మన వైపు పెద్ద ఆసుపత్రులు లేవు, నేర్చుకోవాలంటే హైదరాబాదే గతి. ఇప్పుడట్ల కాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఒక్కోదానికి పెద్ద ఆసుపత్రి ఉంది, రోజూ వందల మంది రోగులు వస్తారు. ఈ కోర్సుల డిగ్రీ సీట్లు ముందు అక్కడ పెంచాలి. ఇంకో మాట, ఆ సీట్లకు సొంత అధ్యాపకులను వేయాలి. డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌నే పాఠం కూడా చెప్పమంటే రెండూ చెడతాయి, నేను అనుభవించి చెప్తున్నాను.

ప్రైవేటు కాలేజీలను మూసేయమని నేను అనడం లేదు, బాగా నేర్పేవీ ఉన్నాయి. నేను కోరేది ఒక్కటే. ఏ కాలేజీకి ఏ కోర్సులో గుర్తింపు ఉంది, పిల్లలను ఏ ఆసుపత్రికి పంపుతారు, అందులో ఎన్ని పడకలున్నాయి, వారానికి ఎన్ని గంటలు అక్కడ ఉంచుతారు, ఈ వివరాలతో బోర్డు, విశ్వవిద్యాలయం కలిసి తెలుగులో ఒక జాబితా వేయాలి. ఏటా ఇంటర్ ఫలితాలు రాకముందే అది ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోని ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాలి.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, మిర్యాలగూడ