జెల్ సీటు కొనబాకు, తోలు సీటు సంగతి చెప్తా విను

ఒరేయ్ మామా,

ఎట్టుండావ్? మొన్న ఫోన్ సగంలో కట్టయిపోయింది గదా, నువ్వు సైకిల్‌కి జెల్ సీటు కొంటానన్నావు చూడు, అది కొనబాకు రా, నేను కొని చూసినా. అంగట్లో బొటనవేలితో నొక్కితే దూదిలాగా దిగింది, చంద్రగిరి దాకా హాయిగానే ఉండింది, కానీ కాణిపాకం పోయొచ్చిన రోజు (పోనూ రానూ 130 కిలోమీటర్ల పైనే) తిరుగుదారిలో తొడల మధ్య తిమ్మిరెక్కి నిలబడి తొక్కాల్సొచ్చింది. మన బరువు మోయాల్సింది పిర్రల కింద ఉండే రెండు ఎముకలు, మరీ మెత్తగా ఉంటే అవి లోపలికి దిగబడి మధ్యలో జెల్ పైకి ఉబ్బి నరాలుండే చోట నొక్కతాది, అదీ కథ.

అందుకే ఈసారి ముందు కొలత తీసుకున్యా. టీవీ వచ్చిన అట్టపెట్టె చించి అరుగు మీదేసి, కొంచెం ముందుకొంగి గట్టిగా కూచున్యా. లేచి చాక్‌పీసు అడ్డంగా పెట్టి రుద్దితే అట్టంతా తెల్లబడి రెండు గుంటలు మాత్రం అట్నే మిగిలినాయి, వాటి నడిమధ్య నుంచి నడిమధ్యకి 120 మిల్లీమీటర్లు. సీటు అంతకంటే కొంచెం వెడల్పుండాల, లేకపోతే ఎముకలు పోయి వెనక ఇనప అంచు మీద కూచుంటాయి.

కొనింది బ్రూక్స్ వాళ్ళ తోలు సీటు. బర్మింగ్‌హామ్‌లో 1866లో గుర్రాల జీన్లు, తోలు సామాన్లతో మొదలైన కంపెనీ. వాళ్ళ బి17 బాగా పేరున్న మోడలే గానీ అది 175 దాకా వెడల్పు, హ్యాండిల్ ఎత్తులో పెట్టుకొని తొక్కేవాళ్ళకి సుఖం. మన రోడ్ బైకు మీద వంగి తొక్కతాం గాబట్టి నేను 160 ఉండే టీమ్ ప్రో తీసుకున్యా. బరువు అర కేజీ ఉంటాది, ఉండనీ. లోపల స్పాంజీ ఏమీ లేదు రా, మందపాటి తోలును ముందూ వెనకా రివెట్లతో బిగించి వదిలేసినారు, అచ్చం మా అవ్వోళ్ళింట్లో నవారు మంచం మాదిరి. తోలు వదులైతే సీటు ముక్కు (ముందు కొస) కింద నట్టు కొంచెమే తిప్పి బిగించుకోవచ్చు.

మొదటి రెండు వారాలు రాయి మీద కూచున్నట్టే ఉండింది, అబద్ధం చెప్పను. మెత్తబడతాదేమోనని నువ్వులనూనె పూద్దామనుకుంటే, చెప్పులు కుట్టే పెద్దాయన సీటును అరచేత్తో తడిమి చూసి, నూనె తాగితే తోలు సాగి జారిపోతాది నాయినా, చెప్పు కాలికి అలవాటైనట్టు అదే అలవాటైతాది, తొక్కు అన్నాడు. ఆయన మాటే నిజమైంది. కంపెనీ వాళ్ళ ప్రూఫైడ్ మైనం మాత్రం గుడ్డతో పల్చగా రుద్దినా అంతే. శ్రీనివాసమంగాపురం రోడ్డులో రోజూ పొద్దున్నే తొక్కతా తొక్కతా ఉంటే ఒకనాడు చూస్తే ఎముకలుండే చోట రెండు చిన్న పల్లాలు పడినాయి, వేలు పెడితే నున్నగా తగల్తాయి, ఆరోజు నాకెంత సంతోషమో!

ముక్కు ఒక్క వెంట్రుకవాసి పైకి పెట్టుకో, లేకపోతే ముందుకి జారి చేతుల మీద బరువు పడతాది. ఇంకోటి, మనకి కార్తీకంలో వానలు గదా, మడ్‌గార్డు లేకపోతే చక్రం నీళ్ళు సీటు అడుగునే కొడతాయి, తడిసినప్పుడు తొక్కితే తోలు సాగిపోతాది, నీడన ఆరబెట్టాల, ఎండలో వద్దు.

నాదిస్తే ట్రై చేస్తానంటావేమో, అది నా ఎముకలకు అలవాటు పడిపోయింది, నీకు తెలీదు దాని సుఖం. ఈ ఆదివారమే అట్టముక్క మీద కూచొని కొలత తీసి పంపు, ఏ సైజో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మామ