మైకు ఇచ్చిన ఆదివారం

సంపాదకుల వారికి,

నమస్కారం. క్రైస్తవులు, రాజకీయాలు అన్న విషయం మీద మీ ఉత్తరాల పేజీలో వచ్చిన రెండు ఉత్తరాలు చదివాను. చర్చి రాజకీయాల జోలికే పోకూడదు, ఆరాధన చేసుకుని ఎవరి ఇంటికి వాళ్ళు పోవాలి అని ఒకాయన రాశారు. ఇంకొకాయన దానికి పూర్తిగా ఎదురు. సంఘ పెద్దలే కూర్చుని ఎవరికి ఓటెయ్యాలో తేల్చి విశ్వాసులకు చెప్పాలి, అలా కట్టుగా లేకపోతే మనల్ని పట్టించుకునే నాథుడుండడు అని ఆయన వాదన. నేను ఈ రెండు పక్షాల్లోనూ ఉండి వచ్చినవాణ్ణి. పైగా రెండో పక్షంలో ఉన్నప్పుడు ఒక మనిషికి అన్యాయం చేశాను, అదీ చెప్తాను.

ముందు మా సంఘంలో జరిగింది చెప్పనివ్వండి. పోయిన ఎన్నికలకు ముందు ఒక ఆదివారం, పాటలు అయిపోయి వాక్యం, అంటే పాస్టరుగారి ప్రసంగం, మొదలవబోతుండగా తలుపు దగ్గర సందడి అయింది. అభ్యర్థిగారు, ఆయన వెనక ఒక పదిమంది. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మల్ని లేపి వెనక్కి పంపి వాళ్ళకి చోటు ఇచ్చాం. (ధనవంతుడికి మంచి చోటు చూపించి బీదవాణ్ణి నిలబెట్టడం గురించి యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఏమంటుందో మాకందరికీ నోటికొచ్చు, ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు.) పాస్టరుగారు మైకు ఆయన చేతికి ఇచ్చారు. ఆయన "మీ ప్రార్థనలు కావాలి" అన్నాడు, సామెతల్లోది అంటూ కీర్తనల్లో వచనం ఒకటి చెప్పాడు, మోకరించాడు. పాస్టరుగారు తల మీద చెయ్యి ఉంచి "ప్రభువా, నీ దాసునికి జయమిమ్ము" అని ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాం, నేనైతే గట్టిగానే అన్నాను. వాక్యం మొదలయ్యేలోపు ఆయనా ఆ పదిమందీ లేచి వెళ్ళిపోయారు.

ఆయన గెలిచాడు. కొన్ని నెలలకి ఆయన మనుషులు కొందరు పేదవాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించారు, అందులో మా సంఘంవాళ్ళూ రెండు కుటుంబాలు ఉన్నారు. ఆ వారం పాస్టరుగారు ఏమంటారా అని చూశాను. ఓర్పు గురించి చెప్పారు. ఆయన్ని తప్పుపట్టడానికి రాయట్లేదు, ఆయన స్థానంలో నేనున్నా అంతకంటే ఎక్కువ మాట్లాడగలిగేవాణ్ణి కాదు. నెత్తి మీద చెయ్యి పెట్టి నీ దాసుడు అన్నాక అదే నోటితో నువ్వు చేసింది తప్పు అనడం ఎంత కష్టమో ఆ రోజు ఆయన ముఖంలో కనిపించింది. మైకు ఇచ్చింది మూడు నిమిషాలకే, కానీ ఆ తర్వాత మా నోట మాట రాకుండా పోయింది.

ఓటుకి, పార్టీకి నేను వ్యతిరేకిని కాను. నా గొడవంతా ఈ నోరు పోవడం గురించే.

నాతాను ప్రవక్తని చూడండి. దావీదుకి శత్రువు కాదు, ఎదుటి పక్షం మనిషీ కాదు, రాజు నగరులో చనువున్నవాడు. దావీదు ఊరియా భార్యని తీసుకుని ఊరియాని చంపించినప్పుడు, రాజు ముందు నిలబడి ధనవంతుడు బీదవాడి గొర్రెపిల్లని లాక్కున్న కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నది ఆయనే, మళ్ళీ దావీదు ముసలివాడైనప్పుడు సొలొమోనుకి సింహాసనం దక్కేలా తిరిగిందీ ఆయనే. అంటే విధేయతా ఉంది, గద్దింపూ ఉంది, రెండూ ఒక్క మనిషిలోనే. మనం మాత్రం గద్దించేవాడంటే అవతలి పార్టీవాడే అయ్యుంటాడని అనుకుంటున్నాం.

చరిత్రలోనూ ఇలాంటిది ఉంది. రోమా చక్రవర్తి థియోడోసియస్ 380లో నైసియా సభలో చర్చి ఒప్పుకున్న క్రైస్తవ విశ్వాసాన్ని సామ్రాజ్యపు మతంగా చేశాడు. చర్చికి అంతకంటే మేలు చేసిన పాలకుడు ఎవరున్నారని ఆ రోజుల్లో జనం అనుకుని ఉంటారు. 390లో థెస్సలొనీకలో ఒక అల్లరికి ప్రతీకారంగా ఆయన సైనికులు వేలమందిని చంపారు. మిలాను బిషప్ ఆంబ్రోస్ ఆ రాజుకి ప్రభు సంస్కారం, అంటే ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వనన్నాడు, అందరి ఎదుట పశ్చాత్తాపపడ్డాకే ఇచ్చాడు. ఈ కథ ప్రసంగాల్లో తరచుగా వింటాం. వినిపించని సగం ఇంకోటుంది. అంతకు రెండేళ్ళ ముందు, 388లో, యూఫ్రటీసు ఒడ్డున ఉన్న కల్లినికంలో అక్కడి బిషప్పు ప్రేరేపణతో క్రైస్తవ గుంపు ఒకటి యూదుల సమాజమందిరాన్ని తగలబెట్టింది. తిరిగి కట్టించమని రాజు ఆజ్ఞ ఇస్తే, ఇదే ఆంబ్రోస్ పట్టుబట్టి ఆ ఆజ్ఞని వెనక్కి తీయించాడు. ఒకసారి రాజు చేతిలో చచ్చినవాళ్ళ తరఫున నిలబడిన నోరే, ఇంకోసారి నిప్పు పెట్టినవాళ్ళ తరఫున నిలబడింది. కాబట్టి రాజు ముందు ధైర్యంగా మాట్లాడినంత మాత్రాన సరిపోదు, ఎవరి కోసం మాట్లాడామన్నదీ చూడాలి. మన వాళ్ళ కోసం మాత్రమే మాట్లాడితే దానికి విశ్వాసం అక్కర్లేదు, ఏ కులసంఘమైనా ఆ పని చేస్తుంది.

ఇక చర్చి రాజకీయాల్లోకి రాకూడదన్న మొదటి ఉత్తరం. అది చాలా భక్తిగా వినిపిస్తుంది, నేనూ చాలాకాలం అలాగే అన్నాను. కానీ ఆమోసు ప్రవక్త బేతేలు అనే ఆరాధన స్థలంలో పేదల్ని అమ్ముకుంటున్నారని కేకలేసినప్పుడు ఆయన నోరు మూయించడానికి వచ్చింది రాజు కాదు, యాజకుడు. అమజ్యా అనే ఆ యాజకుడు ఏమన్నాడు? ఇక్కడ ప్రవచించకు, ఇది రాజుగారి ప్రతిష్ఠిత స్థలం అన్నాడు. దేవుని మందిరం అనలేదు. రాజకీయాలొద్దు అని మనం అనే చాలా సందర్భాల్లో, నిజానికి మనకి నచ్చిన రాజకీయం ఇప్పటికే లోపల కూర్చునే ఉంటుంది, దాన్ని కదపొద్దని అర్థం.

మా సంఘం వాట్సాప్ గ్రూపులో బైబిలు వచనాలు ఎలా తిరుగుతాయో చెప్తే నవ్వుతారు. మన పార్టీ గెలిస్తే రోమా 13, "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను". ఓడిపోయిన మర్నాటి నుంచి అపొస్తలుల కార్యములు 5:29, "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా". ఫలితాలు రాగానే వచనం మారుతుంది, పంపేవాళ్ళు మాత్రం వాళ్ళే. పౌలు మొదటి మాట రోమా చక్రవర్తి నీరో ఏలుతున్న కాలంలో రాశాడని, పేతురు రెండో మాట అన్నది కొరడా దెబ్బలు తినబోయే ముందని ఎవరికీ పట్టదు. రెండు మాటలూ ఒకే మనిషికి ఒకే రోజున వర్తించాలి, మన వాడు కుర్చీలో ఉన్న రోజున కూడా.

కైసరు నాణెం సంగతీ ఇంతే. కైసరుకి, అంటే రోమా చక్రవర్తికి, పన్ను కట్టాలా వద్దా అని అడిగి యేసును ఇరికించడానికి వచ్చింది పరిసయ్యులు, హేరోదీయులు, మామూలు రోజుల్లో ఒకరికొకరు పడనివాళ్ళు. ఆయన దగ్గర దేనారం అనే ఆ రోమా నాణెం లేదు, వాళ్ళే తెచ్చారు. సాధారణంగా ఆ దేనారం మీద తిబెరి కైసరు బొమ్మ, చుట్టూ దైవమైన ఔగుస్తు కుమారుడు అన్న రాత ఉండేవి. ఎవరి బొమ్మ ఉందో వాడిది వాడికి ఇవ్వండి అన్నాడాయన, సరే, పన్ను కడతాం, చట్టం పాటిస్తాం, ఓటూ వేస్తాం. మరి దేవుని స్వరూపం ఎవరి మీద ఉంది? మనుషుల మీద, అవతలి పార్టీవాడి మీద కూడా. అది ఏ నాయకుడికీ రాసిచ్చేది కాదు.

ఇది మరిచిపోతే ఎక్కడికి పోతామో జర్మనీ చూపించింది. 1933 జూలైలో అక్కడ ప్రొటెస్టెంట్ చర్చి ఎన్నికలు జరిగాయి. నాజీలకు జైకొట్టే "జర్మన్ క్రైస్తవులు" అనే వర్గం తరఫున హిట్లరే రేడియోలో మాట్లాడాడు, వాళ్ళే గెలిచారు. కొద్ది నెలల్లోనే, యూదుల పుట్టుక ఉన్న పాస్టర్లు పనికిరారన్న నియమాన్ని చర్చి సభే ఆమోదించింది. వాళ్ళంతా బైబిలు చదవనివాళ్ళేం కాదు. 1934 మే నెలాఖరులో బార్మెన్‌ అనే ఊళ్ళో కూడిన, ఆ వర్గాన్ని ఒప్పుకోని చర్చివాళ్ళు మాకు యేసుక్రీస్తు తప్ప వేరే నాయకుడి మాట దేవుని మాట కాదని ప్రకటించారు, దాన్ని ఎక్కువ భాగం రాసింది క్రైస్తవ వేదాంత పండితుడు కార్ల్ బార్త్. ఆ ప్రకటనలో కూడా యూదుల గురించి ఒక్క ముక్క లేదు, అది తన లోపమేనని బార్త్ ముసలితనంలో ఒప్పుకున్నాడు. మార్టిన్ నీమోలర్ అనే పాస్టరు అయితే మొదట్లో నాజీలకు ఓటేసినవాడే, 1937 నుంచి 1945 దాకా ఖైదులో గడిపాడు. నాకు ఈయన కథ ఎక్కువ అవసరం, ఎందుకంటే మనలో చాలామంది బార్త్‌లం కాం, ఓటేసి తర్వాత కళ్ళు తెరిచేవాళ్ళం.

దక్షిణాఫ్రికాలో అయితే ఇంకా నెమ్మదిగా జరిగింది. 1857లో డచ్ రిఫార్మ్‌డ్ చర్చి సభ ఒక తీర్మానం చేసింది. అందరూ కలిసి ప్రభు బల్లలో పాలుపొందడమే వాక్యానుసారం, కాకపోతే కొందరి బలహీనత వల్ల వేరుగా కూడుకోవడానికి ఒప్పుకుంటున్నాం అని. కొందరి బలహీనతట! తెల్లవాళ్ళు నల్లవాళ్ళ పక్కన మోకరించలేకపోవడానికి పెట్టిన పేరది. 1948లో వర్ణవివక్ష ప్రభుత్వ విధానమయ్యేనాటికి చర్చిలో దానికి తొంభై ఏళ్ళ అలవాటు ఉంది. దాన్ని సమర్థించే బోధ విరుద్ధబోధ అని ప్రపంచ రిఫార్మ్‌డ్ చర్చిల కూటమి ప్రకటించింది 1982లో.

ఇవన్నీ చదివి నేను పార్టీ మానేశానని అనుకోకండి. ఇప్పటికీ బహుశా దానికే వేస్తాను. పన్నెండుమందిలో పాలకుల పన్నులు వసూలు చేసిన మత్తయి ఉన్నాడు, జెలోతే, అంటే ఆ పాలనని ఎదిరించేవాడు, అని పేరుపడిన సీమోనూ ఉన్నాడు, దారిలో వాళ్ళిద్దరి మధ్య ఎన్ని వాదనలు నడిచాయో మరి, ఎవరూ రాయలేదు. ఒక్క అలవాటు మాత్రం చేసుకుంటున్నాను: అవతలివాడు చేస్తే ఏది తప్పంటానో, మనవాడు చేసినప్పుడూ అది తప్పని మనవాళ్ళ మధ్యలోనే అనడం. ఇంతవరకు రెండుసార్లు అన్నాను, రెండుసార్లూ నన్ను "అమ్ముడుపోయావా బ్రదర్" అని అడిగారు. రాజుల కోసం ప్రార్థించమని తిమోతి పత్రికలో ఉంది, తప్పకుండా చేద్దాం, కానీ పోటీలో ఉన్న అందరి పేర్లూ చెప్పి చేద్దాం, మైకు మాత్రం పాస్టరుగారి చేతిలోనే ఉండనిద్దాం. అభ్యర్థి రావాలనుకుంటే రానివ్వండి, ఖాళీ ఉన్న చోట కూర్చుని వాక్యం అయ్యేదాకా వినమనండి.

ఇక నేను చేసిన అన్యాయం. ఆ ఆదివారం సాయంత్రమే మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సహోదరుడు "ముసలమ్మల్ని లేపి ఆయనకి కుర్చీ ఇవ్వడం నాకు బాగా అనిపించలేదు" అని రాశాడు. ఆయన అవతలి పార్టీవాడని అందరికీ తెలుసు. అరగంటలో నలభై మెసేజులు పడ్డాయి, ఒకరు ఆయన్ని యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా అన్నారు. రాత్రి పది దాటాక ఆయన్ని గ్రూపు నుంచి తీసేశారు. తర్వాత నెలలో ఆయన తల్లిగారు ఆస్పత్రిలో ఉన్న సంగతి ప్రార్థన విన్నపాల్లోకి రాలేదు, రావడానికి ఆయన గ్రూపులో లేడు కదా. ఆవిడ సమాధి అయ్యాక మూడు రోజులకి మాకు తెలిసింది. ఆ గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. ఆయన నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. ఈ ఉత్తరం మీకు పంపించే ముందు, గ్రూపులో చేర్చకుండా నేరుగా ఫోన్ చేశాను. ఎత్తలేదు. రేపు ఇంటికి వెళ్తాను.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు